నలభై దాటాక ఏ వ్యాయామం ఎంచుకోవాలి: నడక, యోగా, జిమ్, ఇంట్లో కసరత్తు

పనమ్మాయి నాలుగు రోజులుగా రావడం లేదు, అబ్బాయికి ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి, మామగారికి కంటి ఆపరేషన్ అయి రోజుకు ఆరు సార్లు చుక్కల మందు వేయాల్సి వస్తోంది, ఆఫీసులో మార్చి నెలాఖరు లెక్కలు ఇంకా తేలలేదు. నలభై అయిదేళ్ళ స్త్రీకి ఇలాంటి వారాలు ఏడాదికి ఒకటో రెండో కాదు, నెలకొకటి వస్తూనే ఉంటాయి. అందువల్ల వ్యాయామాన్ని ఎంచుకునేటప్పుడు, తీరిక ఉన్న వారంలో ఏది బాగుంటుందని కాక, ఇలాంటి వారంలో కనీసం సగమైనా ఏది మిగులుతుందని చూసుకోవాలని నా అభిప్రాయం. నేనూ ఒకసారి ఏడాది మొత్తానికి జిమ్ ఫీజు ముందే కట్టి, పట్టుమని నలభై రోజులు కూడా వెళ్ళలేకపోయాను. అందులో జిమ్ తప్పేమీ లేదు. ఆఫీసు నుంచి అక్కడికి ట్రాఫిక్‌లో ముప్పావుగంట పడుతుందని తెలిసీ డబ్బు కట్టిన తప్పు నాదే.

ఈ వ్యాసంలో పోల్చేవి ప్రధానంగా నాలుగు: నడక, యోగా, జిమ్, ఇంట్లో చేసుకునే బరువుల కసరత్తు. వీటిలో ఏది గొప్పదన్న చర్చకు అర్థం లేదు. ఈ వయసులో శరీరం పోగొట్టుకుంటున్నవి ఏమిటి, వాటిలో దేన్ని ఏ వ్యాయామం కాపాడుతుంది, దానికి మీ రోజులో చోటు ఉందా లేదా అన్నవే అసలు ప్రశ్నలు.

శరీరం ఏమి పోగొట్టుకుంటుంది

పాశ్చాత్య దేశాల్లో ముట్లు ఆగిపోయే (మెనోపాజ్) వయసు సగటున 51 ఏళ్ళయితే, భారతీయ స్త్రీలకు అది 46, 47 ఏళ్ళకే వస్తుంది. మన రెండు రాష్ట్రాల విషయంలో దీనికి మరొకటి తోడవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశంలోకెల్లా ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఈస్ట్రోజన్ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలను ఉంచినా మెనోపాజ్ కొంత ముందుగా రావచ్చు. కనుక ముప్పై ఎనిమిదేళ్ళకు ఆపరేషన్ అయిన స్త్రీ, వ్యాయామం దృష్ట్యా తనను తాను యాభై దాటినదానిగానే లెక్కవేసుకోవడం మంచిది.

ఈస్ట్రోజన్ తగ్గగానే మొదట దెబ్బతినేవి ఎముకలు. మెనోపాజ్ తర్వాతి అయిదారేళ్ళలో ఎముకల సాంద్రత 20 శాతం దాకా పడిపోయే అవకాశం ఉంది. కండ తగ్గడం అంతకంటే ముందే, ముప్పైల్లోనే మొదలై, పదేళ్ళకు 3 నుంచి 8 శాతం చొప్పున సాగుతుంది. అంతవరకు తుంటి మీద, తొడల మీద చేరిన కొవ్వు ఇప్పుడు పొట్ట చుట్టూ చేరడం మొదలవుతుంది. భారతీయ స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు లెక్కిస్తారు. వీటిలో ఎముకా కండా తరగడాన్ని బరువు చూసుకునే మిషను మనకు చూపించదు. రెండు కిలోలు తగ్గామని సంబరపడే రోజున తగ్గింది కొవ్వా, కండా అన్నది దానికి తెలియదు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమను, వారంలో కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే కసరత్తును సూచిస్తున్నాయి. మొదటి సగం చాలామందికి తెలుసు, నడకకు వెళ్ళేది దాని కోసమే. రెండో సగం మన ఇళ్ళలో దాదాపుగా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇంకో మంచి మాట కూడా అందులో ఉంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నిబంధనను ఈసారి తొలగించారు. మెట్లెక్కిన నాలుగు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి.

"ఇంటెడు చాకిరీ చేస్తున్నాను, అది చాలదా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం, బకెట్లు మోయడం శ్రమే, ఆ శ్రమ 150 నిమిషాల లెక్కలో చేరుతుంది కూడా. అయితే ఎముక గానీ కండ గానీ గట్టిపడాలంటే వాటి మీద పడే బరువు క్రమంగా పెరుగుతూ పోవాలి. పదేళ్ళుగా మోస్తున్న అదే బకెట్‌కు శరీరం ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. పైగా నేటి ఇంటి పనిలో ఎక్కువ భాగం గ్యాస్ గట్టు ముందు నిలబడి చేసేదే. రోట్లో రుబ్బి, తిరగలి తిప్పి, చంకన బిందెతో నీళ్ళు మోసిన మన అమ్మమ్మల పనిలో ఉన్న బరువు అందులో లేదు. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు గానీ, ఆ బరువును మాత్రం వేరే రూపంలో తెచ్చుకోక తప్పదు.

నడక: అందరికీ అందుతుంది, అన్నీ ఇవ్వదు

మొదలుపెట్టడానికి నడకంత సులువైనది మరొకటి లేదు. మంచి షూ తప్ప ఖర్చు లేదు, నేర్పేవాళ్ళు అక్కర్లేదు, హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనైనా, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులోనైనా, అపార్ట్‌మెంటు సెల్లారులోనైనా చేయవచ్చు. గుండెకు, మనసుకు, నిద్రకు అది చేసే మేలు ఎవరూ కాదనలేనిది. భోజనం చేసిన వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా ఉంటుంది. మూడు పూటలా అన్నమో టిఫినో తినే మన ఇళ్ళలో, పొద్దున్నే గంట నడిచే వీలు లేనివాళ్ళకు, రాత్రి భోజనం తర్వాత వేసే ఈ చిన్న నడక ఏమాత్రం తక్కువది కాదు.

పది వేల అడుగుల లెక్క గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ అంకె వైద్యశాస్త్రం నుంచి వచ్చింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు స్పష్టంగా తక్కువగా కనిపించాయి, 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. వాళ్ళు మనకంటే పెద్దవాళ్ళు కాబట్టి అవే అంకెలు మనకు అచ్చంగా సరిపోతాయని అనలేం గానీ, పదివేలు పూర్తి కాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో పచార్లు చేయాల్సిన అవసరం లేదని మాత్రం చెప్పవచ్చు.

వేగాన్ని కొలవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ముగ్గురు స్నేహితురాళ్ళు కలిసి నడుస్తున్నప్పుడు కబుర్లే కాదు, పాటలు కూడా ఆయాసం లేకుండా సాగుతున్నాయంటే, అది షికారే గానీ వ్యాయామం కాదు.

ఇక లోటు సంగతి. నడక వల్ల భుజాలకు, చేతులకు, వీపుకు బలం రాదు; తుంటి, వెన్ను ఎముకలకు అది అందించే ఒత్తిడి తక్కువ. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఉదయం ఏడు దాటాక బయట నడవడం సాధ్యం కాదు. వీధి దీపాలు లేని రోడ్లు, కుక్కలు, వానాకాలపు గుంటలు మగవాళ్ళకంటే ఆడవాళ్ళనే ఎక్కువగా ఇంట్లో కూర్చోబెడతాయి. కనుక నడకను ఎంచుకునేవారు దానికి మరొకటి జత చేయాలని నేను గట్టిగా చెబుతాను.

యోగా: ఎవరికి మొదటి ఎంపిక కావాలి

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవపు ప్రధాన జాతీయ వేడుక విశాఖపట్నంలోనే జరగడంతో మన ఊళ్ళలో తరగతులకు కొత్త ఊపు వచ్చింది. అయితే 'యోగా' అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల పనులు నడుస్తున్నాయని గుర్తుంచుకోవాలి. ప్రాణాయామం, ధ్యానం మనసును కుదుటపరుస్తాయి, నిద్రకు సాయపడతాయి, కానీ కండకు పని చెప్పవు. కూర్చుని, పడుకుని వేసే ఆసనాలు కీళ్ళ బిగువును సడలిస్తాయి. వీరభద్రాసనం, ఉత్కటాసనం, వృక్షాసనం వంటి నిలబడి వేసేవి కాళ్ళకు బలాన్ని, శరీరానికి నిలకడను ఇస్తాయి. వేగంగా చేసే సూర్య నమస్కారాలు ఊపిరికి, గుండెకు పని పెడతాయి. మీరు చేరాలనుకుంటున్న తరగతిలో గంటసేపట్లో వీటిలో ఏది ఎంత ఉంటుందో ఒక రోజు వెళ్ళి చూసి రావడం మంచిది. గంటలో నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోబెట్టే తరగతిని వ్యాయామంగా లెక్కించకండి, విశ్రాంతిగా లెక్కించండి. ఆ విశ్రాంతి అవసరమైనవాళ్ళు చాలామందే ఉన్నారు.

అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి మెలకువ వచ్చేవాళ్ళకు, నడుము, మెడ పట్టేసినవాళ్ళకు, ఏళ్ళ తరబడి వ్యాయామం ముఖం చూడనివాళ్ళకు యోగాతో మొదలుపెట్టడమే సుఖం. ఎముకల సాంద్రత తక్కువగా ఉందని డాక్టరు చెప్పినవాళ్ళు మాత్రం పశ్చిమోత్తానాసనంలాగా వెన్నును గుండ్రంగా వంచి ముందుకు మడిచే ఆసనాలను, శీర్షాసనాన్ని మానుకోవాలి, ఎందుకంటే బలహీనపడిన వెన్నుపూసలు అలాంటి వంపులోనే నలిగిపోయే ప్రమాదం ఉంది. యాభై మందిని ఒకే తెర మీద చూస్తూ నేర్పే ఆన్‌లైన్ గురువుకు మీ వెన్ను సంగతి తెలిసే వీలు లేదు. ఆ జాగ్రత్త మీదే.

జిమ్మా, ఇల్లా

నాలుగింటిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది బరువుల కసరత్తు, ఈ వయసులో ఎక్కువగా కావలసింది కూడా అదే. కాబట్టి బరువులు ఎత్తాలా వద్దా అన్నది కాదు, ఎక్కడ ఎత్తాలి అన్నదే ఇక్కడ ప్రశ్న. బరువులు ఎత్తితే మగవాళ్ళలాగా కండలు తిరుగుతాయన్న భయం అనవసరం. అంత కండను పెంచే టెస్టోస్టెరాన్ హార్మోను స్త్రీ శరీరంలో చాలా తక్కువ, పోటీలకు వెళ్ళేవాళ్ళు దాని కోసం ఏళ్ళ తరబడి తిండిని, నిద్రను కూడా లెక్క వేసుకుని శ్రమిస్తారు.

జిమ్ పక్షాన ఒక బలమైన సాక్ష్యం ఉంది. ఆస్ట్రేలియాలో ముట్లు ఆగిపోయి, ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి ఎనిమిది నెలలు పరిశీలించారు. ఒక జట్టు శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, నిజంగా భారమైన బరువులు ఎత్తింది; రెండో జట్టు ఇంట్లో తేలికపాటి కసరత్తు చేసింది. మొదటి జట్టులో వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగితే, రెండో జట్టులో ఒక శాతానికి పైగా తగ్గింది. వారానికి మొత్తం గంట సమయమే పట్టిందన్నది తీరికలేనివాళ్ళు ముఖ్యంగా గమనించవలసిన విషయం. అయితే అది శిక్షణ తెలిసినవాళ్ళు పక్కనే ఉండి, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ చేయించింది. రేపు పొద్దున్నే వెళ్ళి ఎవరికి వారు ఎత్తదగింది కాదు.

మన దగ్గర చాలా జిమ్ములు ఆడవాళ్ళు రాగానే ట్రెడ్‌మిల్ వైపు చూపించి, ఆ తర్వాత బరువు తగ్గే ప్యాకేజీ, ఆపైన ప్రోటీన్ డబ్బా అమ్ముతాయి. అందువల్ల చేరేముందు మూడు సంగతులు చూసుకోవాలి. మీరు రోజూ వెళ్ళివచ్చే దారిలో, పది నిమిషాల దూరంలో అది ఉందా? మోకాళ్ళు, బీపీ, పాత ఆపరేషన్ల గురించి ట్రైనర్ తనంతట తానే అడిగాడా? నెలవారీ ఫీజు తీసుకుంటారా, లేక ఏడాది మొత్తం ఒకేసారి కట్టమని ఒత్తిడి చేస్తున్నారా? మొదటి మూడు నెలలకు మించి ముందుగా డబ్బు కట్టకండి, ఎంత రాయితీ ఇచ్చినా సరే. అపార్ట్‌మెంటులోనే జిమ్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు; నాలుగైదు సార్లు ఒక ట్రైనర్‌ను పిలిపించుకుని పద్ధతి నేర్చుకుంటే, ఆ తర్వాత సొంతంగా సాగించవచ్చు.

ఇంటి పక్షాన ఉన్న బలం ఒక్కటే, కానీ అది చిన్నది కాదు: మొదట చెప్పిన పాడు వారంలో కూడా అది మిగులుతుంది. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు వంటింటి గట్టును పట్టుకుని వాలుగా పన్నెండు దండీలు తీయవచ్చు. కుర్చీ అంచుకు ఆనీ ఆనకుండా కూర్చుని లేచే బస్కీలు, నేల మీద పడుకుని నడుము పైకెత్తే సేతుబంధాసనం, ఒక చేత్తో సంచీని నడుము దాకా లాగడం, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం, ఈ అయిదింటితో ఒళ్ళంతటికీ పని పడుతుంది. లీటరు నీళ్ళ సీసా కిలో తూగుతుంది, అయిదు కిలోల పిండి సంచీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. జీఎస్టీ పుణ్యమా అని 26 కిలోలకు మారిన బియ్యం బస్తాను మాత్రం మొదటి ఏడాదిలో ముట్టుకోవద్దు. పన్నెండు సార్లు సులువుగా చేయగలిగిన రోజున బరువు పెంచాలి, లేకపోతే అదీ మరో ఇంటి పనిలాగే మిగిలిపోతుంది. ఇంటి పద్ధతి బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. మూడు నాలుగు నెలలకు ఇంట్లో ఉన్న బరువులు చాలవు. అప్పుడు పళ్ళేలు మార్చుకునే డంబెల్స్ కొనడమో, జిమ్‌కు మారడమో చేయాలి. ఆ పాటికి అలవాటు స్థిరపడి ఉంటుంది కాబట్టి జిమ్ ఫీజు వృథా కాదు.

జుంబా, ఈత, సైకిల్ గురించి క్లుప్తంగా చెబుతాను. జుంబాలో ఉత్సాహం ఉంది, తోడు ఉంది, గుండెకు మంచి పని ఉంది. గెంతినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలుగా పడే ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు ఆ కింది కండరాలను బిగించి వదిలే కెగెల్ కసరత్తు నేర్చుకుని, తర్వాత చేరడం మేలు. సిగ్గుపడి డాక్టరుకు చెప్పని సమస్యల్లో ఇదొకటి, చాలావరకు నయమయ్యేదీ ఇదే. ఈత, సైకిల్ మోకాళ్ళకు హాయి, కానీ శరీర బరువు ఎముకల మీద పడదు గనుక ఎముకలకు వాటివల్ల ఒరిగేది తక్కువ.

ఎవరికి ఏది

రోజుకు ఇరవై నిమిషాలకు మించి దొరకని ఉద్యోగినికి నా సలహా ఇది: వారంలో రెండు రోజులు ఇంట్లో బరువుల కసరత్తు, మిగిలిన రోజుల్లో భోజనం తర్వాత నడక. జిమ్, యోగా తరగతి తర్వాత ఆలోచించవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు నొప్పి తగ్గాక మొదలుపెడదామని ఆగిపోతారు, కానీ తొడ ముందు కండ గట్టిపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది. వాళ్ళు ఎత్తైన కుర్చీతో బస్కీలు మొదలుపెట్టి, నడకను చదునైన నేల మీద ఉంచుకోవాలి. గర్భసంచి, అండాశయాలు చిన్న వయసులోనే తీయించుకున్నవాళ్ళు, తల్లికి తుంటి ఎముక విరిగిన చరిత్ర ఉన్నవాళ్ళు ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ గురించి డాక్టరును అడిగి, వీలైతే జిమ్‌లో శిక్షకురాలి దగ్గర చేరడం మంచిది. నిద్ర పట్టకపోవడం, దిగులు, చిరాకు ప్రధాన బాధలైతే యోగాతో మొదలుపెట్టి, రెండు నెలలకు బరువులు జత చేయాలి. ఒంటరిగా ఏదీ నిలుపుకోలేని స్వభావమైతే, నాణ్యత కొంచెం తక్కువైనా సరే, నలుగురు కలిసే తరగతే మీకు సరైనది.

మాత్రలు వాడేవాళ్ళకు వేళ కూడా ఎంపికలో భాగమే. థైరాయిడ్ మాత్ర వేసుకుని కాఫీ కోసం అరగంట, గంట ఆగవలసినవాళ్ళకు ఆ ఖాళీ సమయమే కసరత్తుకు కుదురుతుంది. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు పరగడుపున కసరత్తు చేయకూడదు. దగ్గర ఒక బెల్లం ముక్కో గ్లూకోజ్ బిళ్ళో ఉంచుకోవాలి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుండడం, కళ్ళు తిరగడం ఉన్నా, బీపీ అదుపులో లేకపోయినా ముందు డాక్టరును కలవాలి. తిండి విషయంలో ఒక్క మాట: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన పలచటి పప్పుతో అది సమకూరదు.

లండన్‌లో అలవాట్ల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఎంచుకున్నదాన్ని మూడు నెలలు మార్చకుండా చేసి, ఆ తర్వాతే దాని మీద తీర్పు చెప్పాలి. కొలవడానికి బరువు మిషను పనికిరాదని ముందే చెప్పాను. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా వైద్యులు వాడే ఈ పరీక్షలో 60 నుంచి 64 ఏళ్ళ స్త్రీ 12 సార్లు కూడా లేవలేకపోతే సగటు కంటే తక్కువగా లెక్క. నలభైల్లో ఉన్నవారు దానికి చాలా పైన ఉండాలి. ఈరోజు వచ్చిన అంకెను వంటింటి క్యాలెండర్ మీద, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే రాసి పెట్టుకోండి, మూడో నెల పేజీ తిప్పినప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి.